చత్వారం

మొన్న శ్రావణ శుక్రవారానికి ముందు రోజు మా అమ్మాయి లంగా అంచు కుట్టూడిపోయిందంటే సూదీ దారం పట్టుకుని కూర్చున్నాను. దారం కొస తడిపి, నలిపి, బెజ్జం దగ్గరికి తీసుకెళ్తే బెజ్జం రెండుగా కనిపిస్తోంది. లైటు కిందకి జరిగాను. చెయ్యి ఇంకాస్త దూరం చాచాను. అది చూసీ చూసీ, "అమ్మా, ఇంకొంచెం చాచావంటే సూది పక్కింట్లోకి వెళ్తుంది. ఇలా ఇయ్యి" అని లాక్కుని ఒక్క పొడుపులో ఎక్కించేసింది. నాకు నవ్వూ వచ్చింది, కాస్త కష్టంగానూ అనిపించింది.

దీన్ని మన పెద్దవాళ్ళు చత్వారం అన్నారు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటాక వచ్చేది కాబట్టి ఆ పేరు. జబ్బు పేరు కాదు, వయసు పేరు. బి.ఏ. తెలుగు చదివినందుకు నాకు ఇలాంటివే గుర్తుంటాయి, గ్యాసు ఎప్పుడు బుక్ చేశానో మాత్రం గుర్తుండదు.

కంటిలో ఉండే లెన్సు చిన్నప్పుడు మెత్తగా ఉంటుందట. దగ్గరి వస్తువు చూడాలంటే ఉబ్బుతుంది, దూరం చూడాలంటే పలచబడుతుంది. మనం అడక్కుండానే ఆ పని జరిగిపోతుంది. వయసుతోపాటు అది గట్టిపడుతూ వచ్చి, నలభై దాటేసరికి దగ్గరికి మారడం మానేస్తుంది. అందుకే రెండు నంబర్ల అద్దాలు, గీత ఉన్నవి, గీత లేనివి. కళ్ళజోళ్ళ షాపులో గీత లేనివాటి ధర విని నేనూ మా వారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంటికొచ్చాక, "మన కన్ను మారినట్టు అద్దమే మారితే ఎంత బాగుండును!" అన్నాను. మా అమ్మాయి డిగ్రీలో ఫిజిక్స్ చదువుతోంది. "అలాంటివి చేస్తున్నారమ్మా. లిక్విడ్ క్రిస్టల్ లెన్సులని. నీ ఫోను తెరలోనూ, నాన్న కాలిక్యులేటర్‌లోనూ ఉండే పదార్థమే" అంది.

ఆ మాట పట్టుకుని రెండు వారాలు దాని వెంట పడ్డాను. అది చెప్పింది విన్నాను, అర్థం కానిది మళ్ళీ అడిగాను, దొరికినవి చదివాను. చదువుతున్నంతసేపూ నాకు మా అమ్మే గుర్తొచ్చింది. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు పేరు. లిక్విడ్ క్రిస్టల్‌ని మన పుస్తకాల్లో ద్రవ స్ఫటికం అంటారు. స్ఫటికం ప్రకృతి, పటికం వికృతి. పటికబెల్లంలో ఉన్న పటిక అదే. పటికబెల్లం ముక్కలో చక్కెర అణువులు బడి పిల్లల్లా వరసల్లో నిలబడి ఉంటాయి. నీళ్ళలో వేస్తే వరసలన్నీ చెదిరిపోతాయి. వరస ఉంటే గట్టిది, వరస చెదిరితే ద్రవం. మరి ద్రవంలా పారుతూ వరస తప్పనిది ఉంటుందా? ఉండదనే 1888 దాకా అందరూ అనుకున్నారు.

ఆ ఏడాది ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త కొలెస్ట్రాల్ మీద పనిచేస్తున్నాడు. మొక్కల్లో, ముఖ్యంగా క్యారెట్లో, కొలెస్ట్రాల్‌ని పోలిన పదార్థం గురించి తెలుసుకోవాలని ఆయన తాపత్రయం. కొలెస్ట్రాల్ నుంచి తయారైన కొలెస్టెరిల్ బెంజోయేట్ అనే తెల్లటి పదార్థాన్ని వేడిచేస్తే 145.5 డిగ్రీల దగ్గర కరిగింది. కానీ కరిగిన ద్రవం గంజిలా మసగ్గా ఉంది. ఇంకా వేడిచేస్తే 178.5 డిగ్రీల దగ్గర హఠాత్తుగా తేటపడింది. చల్లారుస్తుంటే నీలం, ఊదా రంగులు మెరిసి మాయమయ్యాయి. ఒకే పదార్థం రెండుసార్లు కరుగుతుందా?

మనం నెయ్యి కాస్తున్నప్పుడు సగం కరిగిన పూస తెల్లగా, మసగ్గా ఉండడం చూస్తూనే ఉంటాం. అందులో కొంత కరిగింది, కొంత కరగలేదు, అంతే. రైనిట్జర్ పదార్థం అలా కాదు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా అవే రెండు అంకెలు వచ్చాయి. ఇది తన చదువుకి అందే సంగతి కాదని ఆయనకి అర్థమైంది. 1888 మార్చి 14న జర్మనీలో ఉన్న ఓటో లేమాన్ అనే భౌతికశాస్త్రవేత్తకి పెద్ద ఉత్తరం రాసి, దాంతోపాటు పదార్థమూ పంపాడు. తనకి తెలియనిది తెలిసినవాళ్ళని అడగడం చాలామందికి చేతకాదు. ఈ చరిత్ర ఆ ఉత్తరంతో మొదలవడం నాకు భలే నచ్చింది.

లేమాన్ దగ్గర ప్రత్యేకమైన మైక్రోస్కోపు ఉంది. వస్తువుని వేడిచేస్తూనే చూడొచ్చు. పైగా అందులో కాంతిని ఒకే దిశలో ఊగేలా వడకట్టే ఏర్పాటు ఉంది. అలాంటివి రెండు అడ్డంగా పెడితే మామూలు ద్రవం చీకటిగా కనిపిస్తుంది, స్ఫటికమైతే వెలుగుతుంది. రైనిట్జర్ పంపిన పదార్థం పారుతోంది, వెలుగుతోంది కూడా. 1889లో లేమాన్ పారే స్ఫటికాలంటూ వ్యాసం ప్రకటించాడు.

గొడవ అక్కడే మొదలైంది. గుస్టావ్ టామాన్ అనే పేరున్న రసాయనశాస్త్రవేత్త, అది శుద్ధమైన పదార్థమే కాదు, నూనే నీళ్ళూ కలిపి చిలికినట్టు రెండు కలిసిన మిశ్రమం, అందుకే ఆ మసక అన్నాడు. నా నెయ్యి లెక్కే ఆయన లెక్క కూడా. గట్టిదైనా కావాలి, ద్రవమైనా కావాలి, మధ్యలో ఇంకోటేమిటన్నది చాలామంది మాట. వాదన ఏళ్ళ తరబడి సాగింది. జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయంలో డానియెల్ ఫోర్లాండర్ తన విద్యార్థులతో ఇలాంటి పదార్థాలని వందల్లో తయారుచేశాక గానీ అనుమానాలు సన్నగిల్లలేదు. ఏ అణువులు పొడుగ్గా, నిటారుగా అగ్గిపుల్లల్లా ఉంటాయో అవే ఇలా మారుతున్నాయని తేల్చిందీ ఆయనే. పెట్టెలో అగ్గిపుల్లలు అటూ ఇటూ జరిగినా తలలన్నీ ఒకే దిశలో ఉంటాయి చూడండి, సుమారుగా అలాంటిదన్నమాట.

ఈలోగా కనిపెట్టింది ఎవరన్న పేచీ వచ్చింది. పేరంతా లేమాన్‌కే పోతోందని తోచి, 1908లో రైనిట్జర్ తను ముందుగా చూసిన సంగతి చెప్తూ ఒక వ్యాసం రాసుకోవాల్సి వచ్చింది. లేమాన్‌కి మాత్రం ఏం ఒరిగింది? నోబెల్‌కి ఎన్నోసార్లు పేరు వెళ్ళినా బహుమతి రాకుండానే 1922లో పోయాడు.

అదే 1922లో జార్జ్ ఫ్రీడెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వీటికి పేర్లు పెట్టాడు. అణువులు పొరలు పొరలుగా ఉండేది స్మెక్టిక్. ఆ మాట గ్రీకులో సబ్బుకి సంబంధించింది. తడిసిన సబ్బు అడుగున పేరుకునే జిగురు కూడా ఈ జాతిదే. బట్టలుతుకుతూ ఇన్నేళ్ళుగా ద్రవ స్ఫటికాలని గీకి పారేస్తున్నానన్నమాట! కొలెస్ట్రాల్ నుంచి వచ్చినవాటిలా అణువులు మెట్లు తిరిగినట్టు మెలి తిరిగి ఉండేది కొలెస్టెరిక్. ఇక మూడోది, అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది, నెమాటిక్. గ్రీకులో నెమా అంటే దారం. మైక్రోస్కోపులో దారపు పోగుల్లాంటివి కనిపిస్తాయని ఆ పేరు. అది చదవగానే నా సూదీ దారం గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇప్పుడు నా అద్దానికి కావాల్సిన అసలు సంగతి. ఈ అణువులని మనం తిప్పగలమా? 1911లోనే ఫ్రాన్సులో చార్లెస్ మోగాన్, గాజుపలకని ఒకే దిశలో రుద్ది దానిమీద ఈ ద్రవాన్ని ఉంచితే అణువులు ఆ దిశలోనే పడుకుంటాయని గమనించాడు. రెండు పలకలని అడ్డంగా పెడితే మధ్యలోని ద్రవం మెలి తిరుగుతుంది, దానిగుండా వెళ్ళే కాంతీ దానితోపాటే తిరుగుతుంది. తర్వాత కాలంలో తెరలు చేసే ఫ్యాక్టరీల్లో కూడా గాజుమీద పలచటి పూత పూసి వెల్వెట్ లాంటి బట్టతో ఒకే వైపుకి రుద్దడమే పద్ధతి అయింది. ఇంత పెద్ద సాంకేతికత అద్దం తుడవడం దగ్గర ఆధారపడిందంటే నాకు గొప్ప తృప్తిగా ఉంది.

1927లో రష్యాలో ఫ్రెడెరిక్స్ అనే శాస్త్రవేత్త, గాజు మధ్య పడుకున్న అణువులు అయస్కాంత బలం ఒక హద్దు దాటగానే లేచి తిరుగుతాయని చూపించాడు. ఇది ఆయన పేరుమీదే ప్రసిద్ధం. కానీ ఆ వ్యాసంలో ఆయన పక్కన రెప్యెవా అనే ఇంకో పేరుంది. 1933 నాటి వ్యాసంలో జోలినా అని ఉంది. రష్యన్‌లో ఆ ఇంటిపేర్లు ఆడవాళ్ళవి. ఫలితానికి మాత్రం ఆయన పేరొక్కటే మిగిలింది. ఆయనకీ సుఖం లేదు లెండి. స్టాలిన్ కాలపు అరెస్టుల్లో 1936లో జైలుపాలై, 1944లో చనిపోయాడు. అదే 1933లో లండన్‌లో ఈ పదార్థాలమీద జరిగిన సభకి జె.డి. బెర్నాల్‌తో కలిసి ఒక వ్యాసం ఇచ్చిన అమ్మాయి డొరోతీ క్రోఫుట్. పెళ్ళయ్యాక డొరోతీ హాడ్జ్‌కిన్. 1964లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆవిడే.

ఆ సభ తర్వాత దాదాపు పాతికేళ్ళు ఈ విషయాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. తెలుసుకోవాల్సింది అయిపోయింది, ఇక దీంతో పనేముంది అన్న ధోరణి.

1960లలో అమెరికాలో మళ్ళీ కదలిక వచ్చింది. జేమ్స్ ఫెర్గసన్ మెలి తిరిగిన కొలెస్టెరిక్ రకాన్ని తీసుకున్నాడు. వేడి మారితే మెలిక బిగుస్తుంది లేదా వదులవుతుంది, దాంతో అది తిప్పికొట్టే రంగు మారుతుంది. పిల్లల నుదుటిమీద అంటించి జ్వరం చూసే పట్టీ దీనితో చేసిందే. రైనిట్జర్ చూసిన నీలం, ఊదా రంగులు అన్నేళ్ళ తర్వాత పసిపిల్లల నుదుటి మీదకి చేరాయి. ఆర్‌సీఏ కంపెనీలో జార్జ్ హైల్‌మయర్ బృందం కరెంటుతో ద్రవాన్ని మసకబార్చి, తేటపరిచి అంకెలు కనిపించే తెరని 1968లో లోకానికి చూపించింది. 1970 చివర్లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిచ్ ఇంకా మెరుగైన పద్ధతి కనిపెట్టారు. 90 డిగ్రీలు మెలి తిప్పిన పలచటి పొర, రెండు పక్కలా కాంతి వడపోత. కరెంటు లేకపోతే మెలిక కాంతిని తిప్పి బయటికి పంపుతుంది. కొద్దిపాటి వోల్టేజి ఇస్తే అణువులు నిటారుగా లేచి మెలిక విడిపోతుంది, అక్కడ నల్లబడుతుంది. దాదాపు ఇదే ఆలోచన అమెరికాలో ఫెర్గసన్‌కీ వచ్చింది, పేటెంటు తగాదాలూ వచ్చాయి.

మీ ఇంట్లో పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలుంటే కాలిక్యులేటర్ ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడండి. ఒకచోట తెరంతా నల్లబడిపోతుంది. ఆ వడపోత అదే. మా ఇంట్లో అందరం తలా ఒకసారి చేసి చూశాం.

ఇంకా ఒక చిక్కుంది. అప్పటిదాకా దొరికిన పదార్థాలు కొన్నిటిని వంద డిగ్రీలు దాటి వేడిచేస్తే గానీ పనిచెయ్యవు. మామూలు గది వేడిలో పనిచేసేవేమో తేమ తగిలితే పాడైపోతాయి. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే అప్పటికి ఎన్నో ఏళ్ళుగా, ఎవరూ అడగకపోయినా, అణువు ఆకారం మారిస్తే గుణం ఎలా మారుతుందో ఓపిగ్గా చూస్తూ వచ్చాడు. 1962లోనే పుస్తకం రాశాడు. తెరలకి పనికొచ్చే పదార్థం కావాలని బ్రిటన్ రక్షణ శాఖ వెతుక్కుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. 1972లో ఆయన బృందం తయారుచేసిన పదార్థాన్ని 5సీబీ అంటారు. తేమకీ వెలుతురుకీ చెడదు. సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్య ద్రవ స్ఫటికంగా ఉంటుంది. ఇంగ్లండు వాళ్ళకది సరిపోయిందేమో గానీ, మన విజయవాడ మే నెలలో ఉత్త నూనె అయిపోతుంది! అందుకే ఇలాంటివి నాలుగు రకాలు పాళ్ళు చూసి కలిపారు. ఆ మిశ్రమం గడ్డకట్టే చలి నుంచి 60 డిగ్రీల దాకా పనిచేస్తుంది. సాంబారు పొడి లెక్కే. ఏ ఒక్క దినుసుకీ ఆ రుచి ఉండదు, పాళ్ళలో ఉంటుంది. 1973లో జపాన్ నుంచి ఈ తెరల కాలిక్యులేటర్లు, చేతి గడియారాలు మొదలయ్యాయి.

మన దేశానికీ ఇందులో గట్టి వాటా ఉంది. 1977 దాకా ఈ గుణం పుల్లల్లాంటి అణువులకే ఉంటుందనుకునేవారు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్‌లు, బిళ్ళల్లాంటి అణువులు కూడా అప్పడాల దొంతరలా పేరుకుని ద్రవ స్ఫటికం అవుతాయని చూపించారు. మన దేశపు పత్రిక 'ప్రమాణ'లోనే అచ్చువేశారు. ఆ జాతి పదార్థంతో చేసిన పొర వేశాకే, పక్కనుంచి చూస్తే వెలవెలబోయే తెరలు చాలావరకు బాగుపడ్డాయి. సోఫాలో ఓ మూల కూర్చుని సీరియల్ చూసే మనబోటివాళ్ళం వాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి.

ఇక నా అద్దం. అణువు పడుకుని ఉంటే కాంతి అందులో ఒక వేగంతో వెళ్తుంది, నిలబడితే ఇంకో వేగంతో. మధ్యలో ఒక వోల్టేజి, అంచుల్లో ఇంకో వోల్టేజి ఇస్తే, చదునుగా ఉన్న పొరే లెన్సులా కాంతిని వంచుతుంది. వోల్టేజి మారిస్తే నంబరు మారుతుంది. 1979లో జపాన్‌లో సుసుము సాటో ఇలాంటి లెన్సు గురించి ప్రకటించాడు. 2006లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చంగా చత్వారం కోసమే ఒకటి చేశారు. 2 వోల్టుల లోపే చాలు. కరెంటు ఇస్తే దగ్గరిది కనిపిస్తుంది, ఆపేస్తే దూరానికి మామూలు అద్దం. బ్యాటరీ అయిపోతే దూరపు అద్దంగానే ఉండిపోతుంది, కాబట్టి దారిలో ప్రమాదం లేదు. కరెంటు కోతల మధ్య పెరిగిన మనకి ఆ జాగ్రత్త విలువ తెలుసు.

అయితే ఇవి ఇంకా మన సందు చివరి షాపుకి రాలేదు. పొర మందం పెంచితే మారడానికి ఆలస్యం అవుతుంది, పలచన చేస్తే కన్ను నిండేంత వెడల్పైన లెన్సు రావడం కష్టం. మా అమ్మాయి, "నీ మనవరాళ్ళ కాలానికి వస్తాయిలే అమ్మా" అంది.

ఇప్పుడు మా అమ్మ సంగతి. అమ్మ పెళ్ళికి ముందే టైలరింగ్ నేర్చుకుంది. మా ఊళ్ళో జాకెట్లంటే అమ్మ దగ్గరికే వచ్చేవారు. మా స్కూలు ఫీజులు ఆ మిషను మీదే వచ్చేవి. నేను డిగ్రీలో ఉండగా, అమ్మకి నలభై మూడేళ్ళప్పుడు, వీధిలో ఒకరి పెళ్ళి జాకెట్టు చెయ్యి తప్పు కత్తిరించింది. పట్టు బట్ట. డబ్బులు తనే కట్టుకుంది. ఆ తర్వాత ఇంకోటి. "కళ్ళు పోయినట్టున్నాయే, ఇక నావల్ల కాదు" అని మిషనుకి గుడ్డ కప్పేసింది. నాయనమ్మ, "చత్వారం వచ్చిందిలే, అందరికీ వచ్చేదే" అంది. పేరు తెలుసు, వయసని తెలుసు. ఒక జత చదువుకునే అద్దాలు కొంటే చాలునని మాత్రం ఎవరికీ తోచలేదు. డిగ్రీలో ఆ మాట వ్యుత్పత్తి చదువుకున్న నాకూ తోచలేదు. పన్నెండేళ్ళ తర్వాత కంటి శిబిరంలో అద్దాలిచ్చారు. పెట్టుకోగానే అమ్మ తన అరచేతిలో గీతలు చూసుకుంటూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పటికి మిషను తుప్పు పట్టింది, ఊళ్ళో వేరే టైలర్లు వచ్చారు.

ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదని ఈ చదువులోనే తెలిసింది. అస్సాంలో నలభై దాటిన 751 మంది టీ తోట కూలీలమీద చేసిన పరిశీలన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ముందు ఇచ్చారు, మిగతావాళ్ళకి పరిశీలన అయ్యాక ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోశారు. అవి కరెంటు లెన్సులు కావు, ఖరీదైనవీ కావు. మామూలు అద్దాలు.

ఎనభై ఏళ్ళపాటు పనికిరాదనుకున్న పదార్థం ఇవాళ మనందరి చేతుల్లో ఉంది. వందల ఏళ్ళుగా ఉన్న మామూలు కళ్ళద్దం మాత్రం మా అమ్మకి పన్నెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. కనిపెట్టడం ఒక పని, అవసరమైనవాళ్ళ దాకా చేర్చడం ఇంకో పని. రెండోది శాస్త్రవేత్తల ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అది ఇంట్లోవాళ్ళది కూడా. మీ అత్తగారు బియ్యంలో రాళ్ళు వదిలేస్తున్నారనో, పనికొచ్చే అమ్మాయి గిన్నెలు సరిగ్గా తోమట్లేదనో విసుక్కునే ముందు ఒక్కసారి వాళ్ళ వయసు అడగండి. నలభై దాటితే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నేను గీత లేని ఖరీదైన అద్దాలు వద్దనుకుని, గీత ఉన్నవే చెయ్యమన్నాను. బుధవారం ఇస్తామన్నారు. అప్పటిదాకా దారం మా అమ్మాయే ఎక్కించాలి.